చిలక ఉమ్మేసిన ఉప్పు

అనగనగనగా, మీ తాతల తాతలకి ఇంకా పాలపళ్ళు రాని రోజుల్లో, కుంభవరం అనే రాజ్యాన్ని జయకేతుడనే రాజు ఏలేవాడు. మంచి రాజు. ప్రజలంటే ప్రాణం పెట్టేవాడు. ఆయనకి ఉన్నదల్లా ఒక్కటే భయం, అన్నంలో ఎవరైనా విషం కలుపుతారేమోనని. ఆ భయంతో అటు చూసి ఇటు చూసి ముద్ద నోట్లో పెట్టుకునేలోపు అన్నం చల్లారిపోయేది, నెయ్యి పేరుకుపోయేది.

రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు, కత్తిలో మొనగాడు. రెండోవాడు కళాధరుడు, మాటల్లో మొనగాడు. మూడోవాడు మధుసేనుడు, తిండిలో మొనగాడు. నవ్వకండి. ఊళ్ళోవాళ్ళూ ఇలాగే నవ్వేవాళ్ళు. "చిన్న యువరాజావారు వస్తున్నారు, ఎండలో వడియాలు తీసెయ్యండర్రా!" అని వేళాకోళం చేసేవాళ్ళు.

కానీ ఆ తిండిలో ఎంత ఒడుపు ఉందో వాళ్ళకి తెలీదు. కొత్త ఆకో కాయో దొరికితే మధుసేనుడు ముందు మణికట్టు మీద రుద్దుకునేవాడు. దురద పుట్టకపోతే పెదవికి తాకించేవాడు. పెదవి మండకపోతే నాలుక కొసన పెట్టి ఉమ్మేసి, ఒళ్ళు ఏమంటుందో అని ఒక పూటంతా కూర్చుని కనిపెట్టేవాడు. ఆ తరవాతే మింగడం. అంత ఓపిక ఉన్న తిండిపోతు గురించి నేనింకెక్కడా వినలేదు. మీరు మాత్రం కనపడ్డ ఆకల్లా నాకారంటే మీ అమ్మ వీపు విమానం మోత మోగిస్తుంది, అది ఇప్పుడే చెప్పేస్తున్నాను.

ఒకరోజు సభకి ఒక జడలాయన వచ్చాడు. భుజం మీద పచ్చటి చిలక.

"మహారాజా, నన్ను కుటిలాక్షుడంటారు. ఏడు సముద్రాల అవతలి నుంచి వచ్చాను. ఈ చిలక తిన్నది మీరు తినండి, ఉమ్మేసింది పారేయండి. ఇక మీకు విషభయం ఉండదు" అన్నాడు.

పేరు వింటేనే అనుమానం రావాలి కదా? రాజుగారికి రాలేదు. కుంభవరం వాళ్ళు అసలే చిలక కొరికిన జాంపండంటే చెవి కోసుకుంటారు. చిలక ముక్కు పడిందంటే ఆ పండుకి తిరుగులేదని వాళ్ళ నమ్మకం. రాజుగారు మురిసిపోయి, తను భోంచేసే పీట పక్కన బంగారు కొమ్మ ఒకటి చేయించి చిలకని దాని మీద కూర్చోబెట్టారు.

చిలకకి మిరపపండు చూపించారు. లొట్టలు వేసుకుంటూ తినేసింది. ఉల్లిపాయ చూపించారు. మొహం తిప్పుకుంది, రాజ్యంలో ఉల్లిపాయ మానేశారు. వెల్లుల్లి చూపించారు. రెక్కలు టపటపలాడించింది, వెల్లుల్లి మానేశారు. ఆఖరికి ఉప్పు రవ్వ చూపించారు. ముక్కుకి తగిలీ తగలగానే థూ అని ఉమ్మేసి, కీచుమని అరిచి, కుటిలాక్షుడి జడల్లో దూరి దాక్కుంది.

"చూశారా! ఉప్పు మహా విషం!" అన్నాడు కుటిలాక్షుడు.

అంతే, ఉప్పు బస్తాలన్నీ ఏట్లో కలిపేశారు. చప్పిడి పప్పు, చప్పిడి చారు, చప్పిడి మజ్జిగ. ఎండల్లో పొలం దున్నేవాళ్ళకి కాళ్ళు కొంకర్లు పోయేవి. పశువులు మేత ముందర నీరసంగా నిలబడిపోయేవి. మధుసేనుడు ఊరుకోలేక, "నాన్నగారూ, పుట్టిన దగ్గర్నుంచీ ఉప్పు తిన్నాం. మనకేమైంది?" అని అడిగాడు. "నీకు తిండి ధ్యాస తప్ప ఇంకేముందిరా!" అని తండ్రి నలుగురిలో కసిరాడు.

కొన్నాళ్ళకి చిలక అడవి నుంచి ఒక పండు ముక్కున కరుచుకొచ్చింది. నారింజలా నిగనిగలాడుతున్న ముషిణి పండు. దాని గింజ తింటే మనుషులు బతకరు, ఆ సంగతి అడవి అంచు పల్లెల్లో అందరికీ తెలుసు. కానీ చిలక కులాసాగా తింటోందిగా! రాజుగారు మిగిలింది గింజలతో సహా నమిలి మింగారు. మింగీ మింగగానే ఒళ్ళు విల్లులా వంగిపోయి, కింద పడిపోయారు.

కుటిలాక్షుడు లేచి మంత్రం చదివాడు. రాజుగారి వంకర తీరింది, కానీ కళ్ళు తెరవలేదు.

"విషాన్ని గొంతు దగ్గర ఆపాను. నేను ఈ సింహాసనం మీద కూర్చున్నంత కాలం అక్కడే ఆగుతుంది. నన్ను ఎవరైనా దింపారో, విషమూ దిగుతుంది" అంటూ వెళ్ళి సింహాసనం ఎక్కాడు.

"మరి చిలకకి ఏమీ కాలేదేం?" అని మంత్రి అడిగాడు.

"మీ రాజుది ఇన్నేళ్ళు ఉప్పు తిన్న ఒళ్ళు, అందుకని" అన్నాడు ఆ గుంటనక్క. అని, ఇంకో ముషిణి పండు తెప్పించి, అందరి ముందూ గింజలతో సహా కరకర నమిలి మింగి పకపక నవ్వాడు. వాడికి తల కూడా తిరగలేదు.

పెద్దకొడుకు రణధీరుడు కత్తి దూశాడు. కుటిలాక్షుడు చిటికె వేశాడు, రణధీరుడు గుమ్మడికాయ అయిపోయాడు. రెండోవాడు కళాధరుడు చేతులు జోడించి న్యాయాలు చెప్పబోయాడు. ఇంకో చిటికె, కళాధరుడు పొడుగాటి పొట్లకాయ అయిపోయాడు. మహారాణి సునందాదేవి పరుగున వచ్చి, వంటవాళ్ళ కంట పడకుండా ఇద్దర్నీ కొంగులో దాచుకుంది.

ఆ సాయంత్రం ఆవిడ మధుసేనుణ్ణి పిలిచింది.

"నాయనా, వాడు విషం మింగి నవ్వడం చూశావు కదా? ప్రాణం ఒంట్లో ఉన్నవాడు అలా నవ్వలేడు. ఎక్కడో దాచుకున్నాడు. వాడొచ్చిన దారినే వెళ్ళి అదెక్కడుందో కనుక్కో. కానీ వాణ్ణి చంపకురా, మీ నాన్న ఊపిరి వాడి చేతిలో ఉంది. ఆలస్యం కూడా చేయకు. గుమ్మడికాయ అంటే నిలవుంటుంది. ఈ పొట్లకాయ పండి పగిలిందంటే మీ చిన్నన్నయ్య మనకి దక్కడు" అని కళ్ళు తుడుచుకుంది.

మధుసేనుడు తల్లికి దణ్ణం పెట్టి అడవిదారి పట్టాడు. వెంట తెచ్చుకున్న అటుకులు దారిలోనే అయిపోయాయి. అలా వెళ్తుంటే ఒక మేక ఎదురైంది.

"ఆకలితో ఉన్నట్టున్నావు, రా బాబూ, జిల్లేడాకులు తిందువుగాని" అంది.

మధుసేనుడు ఆకు తుంచి, ఆ పాలు ఒక చుక్క మణికట్టు మీద వేసుకున్నాడు. చురుక్కుమంది. "మేకమ్మా, నీ మనసు చల్లగా ఉండాలి. ఇది నా ఒంటికి పడదు" అన్నాడు. "ఇంత కమ్మటి ఆకు పడదా! పాపం మనుషులు!" అని మేక జాలిపడి అతని వెంట నడిచింది.

ఇంకొంత దూరం వెళ్ళాక కోకిల కనపడింది. అది పచ్చగన్నేరు కాయలు తింటోంది. "నీకూ ఒకటి" అని విసిరింది. గన్నేరు సంగతి తెలిసినవాడు కాబట్టి మధుసేనుడు దాన్ని పెదవి దాకా కూడా తేలేదు. "కోకిలమ్మా, ఇది తింటే నేను ఇక్కడే పోతాను" అన్నాడు. "నాకేం కావట్లేదే!" అని కోకిల ఆశ్చర్యపోయి అతని భుజమెక్కింది.

ఇంకా ముందుకెళ్తే అడవిపంది ముట్టెతో నేల తవ్వి చేదు దుంపలు నములుతోంది. "ఇదిగో, పెద్దది నీకే" అని ముందుకి తోసింది. మధుసేనుడు ముక్క కోసి పెదవికి తాకించాడు. భగ్గుమంది. ఆకలికి కళ్ళు తిరుగుతున్నాయి, అయినా మింగలేదు. కొండవాళ్ళు ఈ దుంపల్ని ఎలా దారికి తెస్తారో చిన్నప్పుడు విన్నది గుర్తు చేసుకున్నాడు. సన్నగా చెక్కి, తీగలతో బుట్ట అల్లి, ఆ చెక్కల్ని పారే వాగులో మర్నాటిదాకా నాననిచ్చాడు. ఉడకబెట్టి నీళ్ళు వంచేశాడు. మళ్ళీ ఉడకబెట్టి మళ్ళీ వంచేశాడు. అప్పుడు నాలుక కొసన పెట్టి చూసి, ఆగి, కనిపెట్టి, ఆపైన తిన్నాడు. కమ్మగా ఉంది.

"ఒక్క దుంపకి ఇంత చాకిరీయా!" అంది పంది నోరు తెరిచి.

"ఈ పని మొట్టమొదట కనిపెట్టిన తల్లి ఎవరో! ఆవిడకి ఎన్నిసార్లు నోరు కాలిందో, ఎంతమంది పోతే ఇది మనదాకా వచ్చిందో!" అంటూ మధుసేనుడు ఎవరికో తెలియకుండానే చేతులు జోడించాడు. నిజంగా గొప్పవాడు కదా, ఆకలితో ఉన్నవాడికి ఆ ఆలోచన వచ్చిందంటే!

తిన్నాక బుర్ర కుదుటపడింది. మేక తిన్నది నాకు పడలేదు. కోకిల తిన్నది నాకు పడదు. పంది తిన్నది వండితేగాని పడలేదు. మరి చిలక తిన్నది నాకెందుకు పడాలి? చిలకకి పడనిది నాకెందుకు పడకూడదు? ఇది ఇన్నాళ్ళూ మాకెవరికీ తట్టలేదేం, అనుకుని నెత్తి కొట్టుకున్నాడు.

పంది కూడా వాళ్ళ వెంటపడింది. సముద్రం ఒడ్డు చేరాక ముట్టెతో మొదళ్ళు పెళ్ళగించి ఒక మాను పడగొట్టింది. మధుసేనుడు దాన్ని తొలిచి పడవ చేశాడు. నలుగురూ ఎక్కారు. మేక పడవని నమలకుండా చూడటమే అందరికీ పెద్ద పనైంది.

మొదటిది ఉప్పు సముద్రం. మధుసేనుడు వేలు ముంచి నాలుకకి రాసుకున్నాడు. ఎన్నాళ్ళైందో! కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. సముద్రపు నీళ్ళు ఎండకి ఆరబెట్టి, వచ్చిన ఉప్పు మిగిలిన దుంపల మీద చల్లుకుని తిన్నాడు, మిగతా ఉప్పు మూటగట్టుకున్నాడు. పీక్కుపోతున్న పిక్కలు సర్దుకున్నాయి. మేక పడవ అంచులు నాకి నాకి వదిలిపెట్టలేదు. కోకిల కూడా ఆశపడి నాలుగు గుక్కలు తాగింది. తాగి, రెక్కలు వేలాడేసి దబ్బున పడిపోయింది. మధుసేనుడు తన తిత్తిలో మంచినీళ్ళు పట్టగా పట్టగా కళ్ళు తెరిచింది.

"బాబోయ్, ఉప్పు మీకు రుచేమో గానీ మా పిట్టలకి గిట్టదు. ఇంకాస్త తాగితే నా పని అయిపోయేది" అంది. మధుసేనుడు ఆ మాట మనసులో ముడివేసుకున్నాడు.

తరవాత చెరకురసం సముద్రం, ఆ తరవాత కల్లు సముద్రం. అక్కడ పంది తాగి తందనాలాడి, తెడ్డు పారేసి, పాటలందుకుంది. తరవాత నేతి సముద్రం, పెరుగు సముద్రం, పాల సముద్రం, చివరికి మంచినీళ్ళ సముద్రం. తిండిలో మొనగాడు ఊరుకుంటాడా? నెయ్యి ఒక కుండ, పెరుగు ఒక కుండ, మంచినీళ్ళు ఒక కుండ నింపుకున్నాడు.

ఏడో సముద్రం అవతల ఒక దీవి. దీవి నిండా మిరపతోట. తోటలో ఒక అమ్మాయి కాయలు కోస్తోంది. మధుసేనుణ్ణి చూసి ఉలిక్కిపడింది. "ఎవరు మీరు? ఎలా వచ్చారు?" అని అడిగి, సమాధానం రాకముందే, "ముందు ఏమైనా తిన్నారా?" అంది. ఆ ఒక్క మాటకే మధుసేనుడు ఆమెకి మనసిచ్చేశాడని నా అనుమానం.

ఆమె రత్నద్వీపం రాకుమారి లవంగిక. ఈ మిరపతోట పెంచడానికి కుటిలాక్షుడు ఆమెని ఎత్తుకొచ్చాడు. మధుసేనుడు తన ఊళ్ళో జరిగిందంతా ఆమెకి చెప్పాడు.

"వాడి ప్రాణం వాడి ఒంట్లో లేదండీ. ఆ చిలకలో ఉంది. అందుకే రాళ్ళు తిన్నా విషం తిన్నా వాడికేమీ కాదు. నోటికి రుచి తెలీదు, ముక్కుకి వాసనా తెలీదు. చిలకకి మాత్రం మిరపకాయలంటే పిచ్చి. ఇంట్లోకి ఉప్పు రవ్వ తెచ్చానంటే కళ్ళు పీకేస్తానన్నాడు. ఎందుకో నాకిప్పటికీ తెలీదు" అంది.

"నాకు తెలిసింది" అని మధుసేనుడు పకపక నవ్వాడు. తన పడవలో ఉప్పుంది, పెరుగుంది. ఆమె తోటలో మిరపకాయలున్నాయి.

"లవంగికా, మీకు ఊరమిరపకాయలు పెట్టడం వచ్చా?"

"ఎంత మాట! మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను."

ఇద్దరూ కూర్చుని కాయలకి గాటు పెట్టారు. పెరుగు చిలికి, చేతులారా ఉప్పు పోసి, ఆ మజ్జిగలో కాయలు నానేశారు. పగలంతా ఎండలో పోయడం, పొద్దుగుంకాక మళ్ళీ మజ్జిగలో వేయడం. మజ్జిగంతా కాయలు తాగేసి, గలగలమని ఎండేదాకా అదే పని. పక్కన మేక తొంగిచూస్తూనే ఉంది.

అందరూ కలిసి కుంభవరం చేరేసరికి మహారాణి కొంగులో పొట్లకాయకి పసుపు చారలు వచ్చేశాయి. మధుసేనుడు గుండె దిటవు చేసుకుని సభలోకి వెళ్ళాడు.

"స్వామీ, ఇక మీరే మా ప్రభువులు. మీ చిలకకి కొత్త రకం మిరపకాయలు తెచ్చాను" అని కుంపటి తెప్పించి, నేతిలో కాయలు వేశాడు.

చుయ్‌మని వేగి, ఘుమఘుమమని వాసన లేచింది. ఊరమిరపకాయలు! సభలో ఆ వాసన ఎరగనివాడు ఎవడు? ముసలి మంత్రికి నోరూరి, కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కాపలావాళ్ళు గుటకలు మింగారు. ఆ కాయల నిండా ఉప్పే అని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. మహారాజుని బతికించుకోవాలని కూడా ప్రతివాడికీ ఉంది. ఒక్కడంటే ఒక్కడు నోరు విప్పలేదు. ఆ మనుషులకి నేనిప్పటికీ దణ్ణం పెడతాను. వాసన తెలియని కుటిలాక్షుడు మాత్రం మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు.

చల్లారిన కాయ చిలకకి అందించారు. చిలక ఒకటి తిన్నది. రెండు తిన్నది. మిరప మీది ఆబలో ఉప్పు సంగతే పట్టక మూడోది కూడా మింగింది. మింగి, "నీళ్ళు! నీళ్ళు!" అని అరిచి కొమ్మ మీంచి పడింది. సింహాసనం మీద కుటిలాక్షుడు గొంతు పట్టుకున్నాడు. చిటికె వేయబోతే వేళ్ళు వణికాయి, మంత్రం చదవబోతే నాలుక పిడచకట్టింది.

మధుసేనుడు మంచినీళ్ళ కుండ, ఉద్ధరిణె పట్టుకుని ముందుకొచ్చాడు.

"అది ఉప్పు. నువ్వు మాకు విషమని చెప్పిన ఉప్పు. నేను చెప్పిన ఒక్కో పనికీ ఉద్ధరిణెడు నీళ్ళు పోస్తాను. ముందు మా నాన్నగారి గొంతులో విషం తియ్యి."

చిలక నోట్లో ఉద్ధరిణెడు పడింది. కుటిలాక్షుడికి మాట పెగిలింది. మంత్రం చదివి, సింహాసనం పక్కనే పడుకోబెట్టిన రాజుగారి గొంతు నిమిరాడు, నల్లటి చుక్క బయటికొచ్చి ఆవిరైపోయింది. రాజుగారు లేచి కూర్చున్నారు. రెండో ఉద్ధరిణెకి గుమ్మడికాయ రణధీరుడైంది, పొట్లకాయ కళాధరుడైంది. కళాధరుడు కాస్త పసుపుపచ్చగా ఉన్నాడు గానీ, మనిషి బాగానే ఉన్నాడు.

"ఇక మూడోది" అన్నాడు మధుసేనుడు. "చిలక ఒంట్లో ఉంటే ఈ ఉప్పు నీకు చావు. నీ ఒంట్లోకి వస్తే ఇదే ఉప్పు నీకు రుచి. ఎక్కడ ఉంటావో నువ్వే తేల్చుకో."

కుటిలాక్షుడు గిలగిలలాడాడు, పళ్ళు కొరికాడు. చివరికి దారిలేక ప్రాణాన్ని తన ఒంట్లోకి లాక్కున్నాడు. ప్రాణం చిలకలో ఉన్నంతకాలమే వాడి మంత్రాలు, లాక్కున్న క్షణంలోనే అవన్నీ పోయాయి. మధుసేనుడు కుండ మొత్తం చిలక ముందు పెట్టాడు. తాగినంత తాగి, తేరుకుని, అది కిటికీలోంచి ఎగిరిపోయింది.

అప్పుడు సభంతా వినబడేలా కుటిలాక్షుడి కడుపు గుర్రుమంది. నూరేళ్ళ ఆకలి కదా! ఎదురుగా పళ్ళెంలో అన్నం పెట్టారు. వాడు చెయ్యి చాపి, వెనక్కి లాక్కుని, "బాబూ, ఇది తినొచ్చా?" అని అడిగాడు. ఇప్పుడు వాడికీ భయం తెలిసింది. మధుసేనుడు అందులోంచి ఒక ముద్ద తను తిని, రెండో ముద్ద వాడికి పెట్టాడు. ఉప్పు నాలుకకి తగలగానే కుటిలాక్షుడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తరవాత వాణ్ణి సముద్రపు ఒడ్డున ఉప్పు మళ్ళల్లో పనికి పెట్టారు.

మంచి ముహూర్తం చూసి మధుసేనుడికీ లవంగికకీ పెళ్ళి చేశారు. ఊరంతా విందుకి కూర్చుంది. విస్తళ్ళలో ఉల్లిపాయ పులుసు, వెల్లుల్లి కారం, ఉప్పేసిన పప్పు, ఊరమిరపకాయలు. అయినా ఎవరూ చెయ్యి కలపలేదు. ఇన్నాళ్ళ అలవాటు, ఎవరైనా ముందు తిని చూపిస్తారేమోనని అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. మధుసేనుడు లేవబోయాడు.

జయకేతు మహారాజు అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టారు. "నువ్వు ఇన్నాళ్ళూ ముందు రుచి చూశావు నాయనా. నేను నా భయం చూసుకున్నాను, నిన్ను నలుగురిలో చిన్నబుచ్చాను. ఇవాళ నన్ను చూడనీ" అన్నారు. జన్మలో ఎన్నడూ వేడన్నం తినని రాజు, పొగలు కక్కే పప్పన్నం కలిపి, ఊరమిరపకాయ నంజుకుని, తన ప్రజలందరి ముందూ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. మింగారు. కళ్ళు చెమర్చాయి.

"ఉప్పు సరిపోయింది. తినండి" అన్నారు.

ఇక చూడాలి ఆ సందడి! మారు వడ్డించలేక వడ్డనవాళ్ళ చేతులు నొప్పి పుట్టాయి. ఆ తరవాత మధుసేనుడూ లవంగికా మనవల మనవల్ని ఎత్తుకునేదాకా కుంభవరాన్ని ఏలారు. వాళ్ళ ఏలుబడిలో ఎవరింట్లోనూ అన్నం చల్లారలేదు.